మంచు ఊరా, సముద్రం ఊరా

నా కూతురి కూతురు, దాని మొగుడు, పెళ్ళయిన ఆరో నెలలో ఒక ఆదివారం పొద్దున్నే విశాఖపట్నం నుంచి భావనపాడులో మా ఇంటికొచ్చారు. నన్ను చూడ్డానికే వచ్చామన్నారు. కానీ చెప్పులు విప్పకముందే ఆ అబ్బాయి సంచిలోంచి లాప్‌టాప్ తీసి నా మంచం మీద పెట్టాడు. దారంతా ఏదో తగువు పడుతూ వచ్చారని ఆ పెట్టిన తీరులోనే తెలిసింది.

"అమ్మమ్మగారూ, తీర్పు మీరే సెప్పాల," అన్నాడు.

"ముందు కాళ్ళు కడుక్కోండి. తీర్పెక్కడికీ ఎల్లిపోదు."

కాళ్ళు కడుక్కొచ్చారు. కుళాయి చుక్కలు కారుతుంటే మళ్ళీ పంపించి గట్టిగా కట్టించాను. అప్పుడు కూచుని చెప్పారు సంగతి.

పెళ్ళప్పుడు ఇద్దరికీ సెలవు దొరకలేదు. అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకుని వచ్చి మర్నాడే ఉద్యోగాల్లోకి పోయారు. ఇప్పుడు డిసెంబరులో పది రోజులు దొరికాయట. హనీమూన్‌కి యూరప్ వెళ్తారట.

"అరకు సాలదా?" అన్నాను.

"అరకు మా ఇంటి ఎనకాల పెరడు కదండీ," అన్నాడు. అతనిది కొత్తవలస. అరకు కొండలెక్కే రైళ్ళను చూస్తూ పెరిగినవాడు. వాళ్ళ తాత మావాడే, సముద్రం మనిషే. తండ్రి కాలంలో రైల్వే ఉద్యోగం వచ్చి అక్కడ స్థిరపడ్డారు.

యూరప్ అంటే ఒక్క ఊరు కాదట. బుధవారం విశాఖపట్నంలో వీసాకి కాయితాలు ఇవ్వాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి పెట్టుకోవాలి. అంచేత ఊరేదో ముందే తేలాలి. అతను ప్రాగ్ అంటాడు. ఇది లిస్బన్ అంటుంది. ఆ రెండు పేర్లూ నేను ఆ రోజే మొదటిసారి విన్నాను. నేను చదివింది మూడో తరగతి. మా పలక మీదికి ఆ ఊళ్ళు రాలేదు.

"ప్రాగ్‌లో మంచు పడతాదండి," అని ఫొటోలు చూపించాడు. రాతి వంతెన, దాని మీద మంచు, దీపాలు. బాగానే ఉంది. "చిన్నప్పట్నుంచీ నాకు ఆశండి, ఆకాశంలోంచి మంచు పడతంటే కింద నిలబడాలని. ఇద్దరం నిలబడాలని."

"మరి నీకేటే లిస్బన్?" అన్నాను మనవరాలితో.

"బాగుంటాది," అంది.

"ఏటి బాగుంటాది?" అన్నాడతను. "పొద్దున్నుంచీ అడగతన్నాను, ఇదే మాట."

"సముద్రం ఉంటాది బావా."

"సూశారా అమ్మమ్మగారూ! సముద్రం పక్కన పెరిగి, సముద్రం పక్కన ఉద్యోగం సేసి, హనీమూన్‌కి కూడా సముద్రమేనట. ఎండుసేపల వాసన లేకపోతే నిద్ర పట్టదా నీకు?"

అది నవ్వింది. నవ్వుతూ చేతి గాజుని తిప్పుతూనే ఉంది. లిస్బన్ ఎందుకో నాకు తెలుసు. అక్కడున్న ముగ్గురిలో తెలియనివాడు అతనొక్కడే.

ఇది నేను దాచిన సంగతి. ఇప్పుడు రాస్తున్నాను.

నా కూతురి ఇల్లు కోటబొమ్మాళిలో. చుట్టూ వరి. ఈ పిల్లకి నాలుగో ఏట, నూర్పుల కాలంలో, మొదటిసారి ఆయాసం వచ్చింది. కళ్ళాల్లోంచి లేచిన దుమ్ము, తెల్లారి మంచు, రెండూ కలిసేసరికి రొమ్ములో పిల్లికూతలు. మెడ కింద గుంట లోపలికి పీక్కుపోయేది. శ్రీకాకుళంలో డాక్టరు చూసి ఇది ఉబ్బసం అని, పీల్చే మందు రాశాడు. అప్పట్నుంచి కోతలు మొదలైతే దీన్ని నా దగ్గరికి పంపేవారు. శివరాత్రి దాకా నా దగ్గరే. బడి పోతుందని వాళ్ళ నాన్న గొణిగేవాడు. ఊపిరాడితే కదా చదువు అని నేనే నోరు మూయించాను. ఇక్కడ దుమ్ము లేదు, చలి అంతగా కొట్టదు, గాలి ఎప్పుడూ సముద్రం మీదినుంచే. నేను నెత్తళ్ళ చేపలు ఎండబెడుతుంటే ఇది పక్కన కూచుని తిరగేసేది. పెద్దదైన కొద్దీ తగ్గింది. పోలేదు. చలి కాలంలో మందు చేతిలో ఉండాల్సిందే.

పెళ్ళీడు వచ్చాక మొదట టెక్కలి వైపు సంబంధం ఒకటి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాం. కబురు పెడతామని వెళ్ళినవాళ్ళు పెట్టలేదు. పైగా 'ఆ ఆయాసం పిల్ల' అని ఊరూరా చెప్పారు. ఆ మాట మా ఇంటి దాకా వచ్చిన రోజు పిల్ల అన్నం తినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అందుకని ఈ అబ్బాయి సంబంధం వచ్చినప్పుడు ఎవరినీ అడగలేదు. దాన్ని లోపలికి పిలిచి, దాని కుడిచెయ్యి నా నెత్తిమీద పెట్టించుకున్నాను. "నీ మొగుడికి గానీ, అత్తమావలకి గానీ ఈ రోగం మాట నీ నోటంట రాకూడదు. నా మీద ఒట్టు," అన్నాను.

మా సముద్రం ఒడ్డు మనుషులకి ఒట్టంటే మాట కాదు. ఎవరి నెత్తిన చెయ్యి పెట్టారో, ఒట్టు తప్పితే వాళ్ళ ప్రాణానికి తగులుతుంది. తియ్యాలన్నా వాళ్ళే తియ్యాలి. ఇంజనీరింగ్ చదివిన పిల్ల, కంప్యూటర్ల ముందు కూచునే పిల్ల, అయినా చెయ్యి తియ్యలేదు. "అమ్మమ్మా, ఇది తప్పు," అని మాత్రం అంది. "తప్పైతే నా మీద ఉంటాది," అన్నాను. చాలా తెలివైన పని చేశాననే అనుకున్నాను.

పెళ్ళి ఎండాకాలంలో అయింది. తరవాత వానలు. ఆ రెండు కాలాలూ దానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు చలికాలం వస్తోంది. ఇతనేమో మంచులో నిలబెడతానంటున్నాడు.

దాని నోరు నేను కట్టేశాను కాబట్టి దాని తరఫున నేనే మాట్లాడాలనుకున్నాను. నిజం చెప్పకుండానే గట్టెక్కిద్దామనుకున్నాను.

"బాబూ, ఊరు సూడ్డమంటే వంతెనలు సూడ్డం కాదు," అన్నాను. "పిల్లనిచ్చీటప్పుడు మేం ముందు వాకిలి సూడం. ఎనకాల పెరట్లోకెళ్ళి ముసిలోళ్ళు ఏ ఎండకి కూకున్నారో సూస్తాం. ఆ రెండూళ్ళలో ముసిలమ్మలు చలికాలం ఏటి సేస్తన్నారో సూపించు."

అతను పకపకా నవ్వాడు. కానీ వెతికాడు. ప్రాగ్ ముసలమ్మలు ఒళ్ళంతా కప్పుకుని, కళ్ళు మాత్రం కనపడేటట్టు, నోటివెంట ఆవిర్లు పోతుంటే జారకుండా అడుగులేస్తున్నారు. లిస్బన్ ముసలమ్మలు కిటికీల్లోంచి వంగి బట్టలారేస్తున్నారు, కింద వీధిలో ఎవరితోనో పోట్లాడుతున్నారు. ఇంకో ఫొటోలో ఒక దుకాణం. దాన్నిండా ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలు, చెక్కల్లా బల్లంత ఎత్తున పేర్చి ఉన్నాయి.

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. "ఇది పెద్దది సెయ్యి. ఆఁ. పొట్టపక్క కోసి, ముల్లు తీసీసి, పరిసి ఎండబెట్టారు. ఉప్పు బాగా పట్టింది. దీనికి పురుగు పట్టదు. బాబూ, ఈ ఊరోళ్ళు పనిమంతులు. ఈ ఊరే ఎల్లండి."

"అమ్మమ్మగారూ!" అతను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "ఫ్రెండ్సందరూ హనీమూన్ ఫొటోలు పెడతారండి. నేను ఎండుసేపల కొట్టు ముందు నిలబడి పెట్టాలా?"

"నిలబడితే ఏటి? తిండి కాదా అది?"

"సరే, మీ మాట తీసెయ్యను. మూడు రోజులు మీ ఎండుసేపల ఊరు. మిగతా రోజులు నా మంచు ఊరు. ప్రాగ్‌కే వీసా పెట్టీద్దాం. ఏటంటావే?"

నా మనవరాలు నా వైపు చూసింది. ఎంతో సేపు చూడలేదు. "సరే బావా," అంది.

అతను సంతోషంగా కాయితం నింపడం మొదలెట్టాడు. అది లేచి వంటింట్లోకి పోయింది. నేనూ వెనకే పోయాను.

"ఏటే, సరే అనీసినావు?"

"మరేటనను? మందు పట్టుకెళ్తాను. మూతికి మఫ్లర్ కట్టుకుంటాను."

"ఆ సలిలో రాత్రీ పగలూ వారం రోజులు..."

"మరి ఒట్టు తియ్యి అమ్మమ్మా," అంది. గట్టిగా అనలేదు, బయటికి వినపడకుండా అంది. "నేనే సెప్పుకుంటాను."

టెక్కలి వాళ్ళు కళ్ళ ముందు తిరిగారు. ఆరు నెలలు కాపురం చేశాక, మోసం చేశారని పిల్లని ఇంటికి పంపేస్తే? అత్తగారు నలుగురిలో అంటే?

అది కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. "నీకు తెలీదు," అంది. "నెల నుంచి పొద్దున్న పూట మొదలైనాది. బాత్‌రూంలోకెళ్ళి కుళాయి పూర్తిగా ఇప్పీసి, ఆ సప్పుడులో మందు పీలుస్తన్నాను. మందు పీల్చే సప్పుడు వినపడితే ఏటని అడుగుతాడు కదా. ఒకరోజు బకెట్టు నిండి పొర్లిపోతంటే తలుపు కొట్టినాడు, నిద్దరోయావా అని. నేను జలుబన్నాను. ఆ రోజు నాకోసం మిరియాల పాలు కాసిచ్చినాడు అమ్మమ్మా. అవి తాగతంటే నాకు గొంతు దిగలేదు."

చుక్క నీళ్ళు కారితే ఇల్లు లేపే మనిషిని నేను. నా మాట వల్ల నా మనవరాలు రోజూ కుళాయి విప్పి పారబోసుకుంటోంది. అతను కాసిన పాలు తాగలేక దొంగలా కూచుంటోంది. దాని ఊపిరి కాపాడడానికి దాన్ని పన్నెండు చలికాలాలు ఒడిలో పెట్టుకున్నాను. ఇప్పుడు దాని గొంతు మీద కాలు పెట్టింది నేనే.

ఒట్టు తీసి, నువ్వే చెప్పుకో అని దాన్ని పంపొచ్చు. కానీ అబద్ధం నాది. నేను పైట సర్దుకుని బయటికొచ్చాను.

"బాబూ, రాయడం ఆపు," అన్నాను.

"ఏటండీ, మళ్ళీ ఎండుసేపలా?"

"దీనికి ఉబ్బసం ఉన్నాది. నాలుగో ఏటినుంచి. సలీ దుమ్మూ పడవు. పెళ్ళికి ముందు మీకు సెప్పనివ్వలేదు. నా నెత్తిన సెయ్యి పెట్టించి ఒట్టు ఏయించుకున్నాను. అది తప్పని ఆ రోజే సెప్పినాది. దాని తప్పు కాదు. నాది."

అంతే చెప్పాను.

అతని మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, అలాగే ఉండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ పెళ్ళాం వైపు చూశాడు. తరవాత లాప్‌టాప్ మూసేసి, చెప్పులైనా వేసుకోకుండా సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయాడు.

మనవరాలు వెనక పరిగెట్టబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఒగ్గీ అమ్మమ్మా!"

"ఎల్లనీ. ఇసకలో నడిస్తే కోపం దిగుతాది. మీ తాత కూడా అంతే."

అన్నాను గానీ నాకూ ధైర్యం లేదు. సంచి ఇక్కడే ఉంది, కారు తాళాలు ఇక్కడే ఉన్నాయి, వస్తాడులే అని లోపల లెక్క చూసుకున్నాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. చేప కడిగాను. అన్నం ఉడికింది, వార్చాను. అతను రాలేదు. పిల్ల గుమ్మంలో కూచుని వీధిలోకే చూస్తోంది. ఆ కాస్త సేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. మామూలుగా ఊరికే మొక్కే మనిషిని కాదు.

పులుసు మరుగుతుండగా వచ్చాడు. పేంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. గుమ్మంలో పెళ్ళాం పక్కనే, నేల మీదే కూలబడ్డాడు.

"మందేదీ? సూపించు," అన్నాడు.

అది హేండ్‌బేగ్ లోపలి అరలోంచి తీసి ఇచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చదివాడు. ఎన్నిసార్లు పీల్చాలి, ఎంతసేపటికి తగ్గుతుంది, మాట రాకపోతే నేనేం చెయ్యాలి, ఇది అయిపోతే రెండోది ఎక్కడుంటుంది, ఇలా అడుగుతూనే ఉన్నాడు. అది జవాబులు చెబుతూ ఏడ్చింది. "ఏడవకు, ఆయాసం వస్తాదేమో," అన్నాడు. ఆ మాటకి అది ఏడుపులోనే నవ్వింది.

తరవాత నా వైపు తిరిగాడు. పెళ్ళయినప్పట్నుంచి ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు అన్నాడు.

"అమ్మమ్మగారూ, మాకు సెప్పకపోవడం వరకు నేను పడతాను. భయపడ్డారు, సరే. కానీ నా ఇంట్లో, నా పక్కన, ఇది ఊపిరాడక దాక్కున్నాది సూడండి. అది మాత్రం మీరు సెయ్యకుండా ఉండాల్సింది. వారం రోజులు మంచులో తిప్పీసేవాణ్ణి నేను. దీనికేదైనా అయితే నాకు తెలీదనడానికి కూడా నోరుండేది కాదు."

నేను తల దించుకుని విన్నాను. నన్నలా అనే మనిషి మా ఆయన పోయాక ఇంకొకరు లేరు. ప్రతి మాటా న్యాయంగానే ఉంది. "అవును బాబూ," అన్నాను. మనవరాలి చెయ్యి పట్టుకుని నా నెత్తిమీద పెట్టించుకుని, "ఆ ఒట్టు తీసీసినాను," అన్నాను.

"ఇంకెప్పుడూ ఎవరికీ పెట్టకండి," అన్నాడు.

"పెట్టను."

అన్నం పెడితే తిన్నాడు. అదొక్కటీ చాలనుకున్నాను నేను. కోపంగా ఉన్నవాడు పులుసు రెండోసారి వేయించుకోడు.

తింటూనే దాన్ని అడిగాడు, "చలికాలంలో నీకు ఎక్కడ బాగుంటాది?"

"ఇక్కడే. అమ్మమ్మ దగ్గర."

"అయితే సముద్రం ఉన్న ఊరే," అని, చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెరిచి, ఇందాక నింపిందంతా కొట్టేశాడు. లిస్బన్ అని మళ్ళీ రాశాడు. పది రోజులూ అక్కడే. మంచు మాట ఎత్తలేదు. ముఖం మాడ్చుకోలేదు కూడా. నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను.

మర్నాడు ఇద్దరూ శ్రీకాకుళంలో ఆగి డాక్టరుకి చూపించుకుని వెళ్ళారు. రోజూ వేసుకోవాల్సిన మందు మానేసి, అత్యవసరానికి వాడేది మాత్రం దొంగచాటుగా వాడినందుకు డాక్టరు చీవాట్లు పెట్టాడట. ఆ చీవాట్లు కూడా నావే. నాకు పంపమని చెప్పాను. మందు సరిగ్గా వేసుకుంటే ప్రయాణం చెయ్యొచ్చని, చలిగాలికి ముక్కు కప్పుకోమని రాసిచ్చాడు. అబ్బాయి వాళ్ళమ్మకి తనే ఫోను చేసి చెప్పాడు. ఆవిడ నాకు ఫోను చేసింది. ఏమంటుందో అని కుర్చీలోంచి లేచి నిలబడి ఎత్తాను. "మా అత్తకీ ఉండేదండి, మిరియాలు పడేవి కావు, మీ పిల్లకి పడతాయా?" అని అడిగింది. అంతే అడిగింది. పడతాయని చెప్పాను.

డిసెంబరులో వెళ్ళారు. వెళ్ళేముందు మా ఆయన పాత ఉన్ని శాలువా రెండుగా కత్తిరించి, అంచులు కుట్టి ఇచ్చాను. కొత్తవి కొనక్కర్లేదన్నాను. కొత్తవీ కొన్నారు, అది వేరే సంగతి.

అక్కణ్ణించి రోజూ ఫోను చేసేవారు. ఊరంతా ఎత్తుపల్లాలట, మెట్లట. ప్రతి మలుపు దగ్గరా అతను ఏదో ఒక వంకన ఆగుతాడట. ఒకసారి పిల్లిని చూస్తాడట, ఒకసారి గోడకున్న పెంకుల్ని చూస్తాడట. "నన్ను కూకోబెట్టడానికే అమ్మమ్మా, నాకు తెలీదనుకుంటన్నాడు," అని అది చెప్పింది. ఎండుచేపల కొట్టు ముందు నిలబడి ఫొటో కూడా తీసి పంపారు. ఇద్దరూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. చేప నేను చెప్పినట్టే పొట్టపక్క కోసి ఉంది.

ఏడో రోజో ఎనిమిదో రోజో ఇక్కడ పొద్దుగూకాక ఫోనొచ్చింది, అక్కడ మధ్యాహ్నమట. అతను చేశాడు. ఆ దేశంలోనే మంచు పడే కొండ ఒకటి ఉందట, కారులో పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చట. మనవరాలే పట్టుబట్టి బయల్దేరదీసిందట, ఒక్క పూటైనా మంచు కింద నిలబడదామని.

"ఎల్లారా బాబూ?"

"సగం కొండ ఎక్కాం అమ్మమ్మగారూ. ఇంకా మంచు రాలేదు, సలిగాలి మొదలైనాది. నేనేమీ అనలేదు. తనే సెప్పినాది, బావా, రొమ్ము పట్టీసినట్టుంది, ఇంక ఎనక్కి పోదాం అని. ఎంటనే సెప్పీసినాది."

"మందు..."

"ఏసుకున్నాది. తగ్గింది. కింద ఊళ్ళో కూకుని వేడి సూప్ తాగతన్నాం."

"మరి మంచు?"

"పైన తెల్లగా కనపడతన్నాది, ఇక్కణ్ణించి. సాల్లెండి," అన్నాడు. గొంతులో ఎక్కడా కొరత లేదు. ఫోను తిప్పి చూపించాడు. దూరంగా కొండ నెత్తిన తెలుపు, దగ్గర్లో నా మనవరాలు, ముక్కు దాకా వాళ్ళ తాత శాలువా ముక్క కట్టుకుని, గిన్నె రెండు చేతులా పట్టుకుని ఉంది. నన్ను చూసి శాలువా కిందికి లాగి, "సెప్పీసినాను అమ్మమ్మా," అంది.

"కప్పుకో, కప్పుకో," అన్నాను. ఫోను పెట్టేశాక ఆ అబ్బాయి కన్నతల్లికి ఇక్కణ్ణించే దండం పెట్టుకున్నాను.